నారింజ కాలు దిగలేదు

ఫోన్లో గాలి ఊళ పెడుతోంది. కోస్గిలో ఆకు కదలడం లేదు.

2022, మే నెలాఖరు. రాత్రి పదకొండు. రేకుల ఇంట్లో పగటి ఎండ ఇంకా చల్లారలేదు. గడప దగ్గర చాపేసుకుని అవ్వ కొంగు చివరతో విసురుకుంటోంది. పక్కన మనవడు బోర్లా పడుకున్నాడు. అద్దం పగిలిన ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి, రెప్ప వేయకుండా చూస్తున్నాడు. తెర మీద అంతా నలుపూ తెలుపే. గడ్డి నేలకు పడుకుని లేస్తోంది. వాన అడ్డంగా కొడుతోంది. మధ్యలో ఒక దూదిమూట. మూటకు రెండు కళ్లు మెరుస్తున్నాయి.

"బంద్ జెయ్‌రా, నెట్ అయిపోతది."

"ఉండవ్వా."

"ఒక్కతే ఉందా అది?"

"ఒక్కతే."

"దానమ్మ యాడికి వోయింది?"

"సముద్రం మీదికి. తిండి తేనీకి."

"నాయిన?"

పిల్లాడు జవాబు చెప్పలేదు.

తెర మీద అప్పుడు తెల్లవారుజాము అయిదున్నర. మనకంటే ఆరున్నర గంటలు ముందు నడుస్తున్న దేశం, న్యూజిలాండ్. మనకు రోళ్లు పగిలే ఎండలప్పుడు వాళ్లకు చలి మొదలవుతుంది. అక్కడి దక్షిణ దీవిలో, డనీడిన్ పట్నం పక్కన, సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఒటాగో ద్వీపకల్పం కొసన ఒక గుట్ట ఉంది. గుట్ట మీద లైట్‌హౌస్. తైఅరోవా హెడ్ అంటారు. మావోరీలు పుకెకురా అంటారు. ఆ గడ్డిలో ఒక గూడు, గూటి ముందు ఒక కెమెరా. ఆ దేశపు ప్రకృతి సంరక్షణ శాఖ 2016 నుంచి ఏటా ఒక ఆల్బట్రాస్ గూడును ఎంచుకుని రాత్రింబవళ్లు లోకానికి చూపిస్తోంది. తర్వాత అమెరికాలోని కార్నెల్ పక్షి పరిశోధన సంస్థ చేయి కలిపింది. పేరు రాయల్ క్యామ్. ఎవరైనా చూడొచ్చు. రూపాయి కట్టక్కర్లేదు.

కోస్గిలోని ఈ ఇంటికి మాత్రం నంబరు లేదు. పాలమూరు వలస ఇళ్లను కలిపి అల్లిన ఊహ ఇది. అవ్వా, మనవడూ ఆ ఊహలోని మనుషులే. గుట్ట మీద జరిగింది ఊహ కాదు. ఆ ఏడాది ఆ గూటికి ఒక మగపక్షి రావాలి. వచ్చే వేళ దాటిపోయింది.

*

నాలుగు నెలల కిందట. జనవరి. అక్కడ నడి వేసవి.

గుడ్డు నవంబరులో పెట్టింది. ఒక్కటే గుడ్డు. ఈ జాతి అంతే. పిల్ల బతికితే మళ్లీ గుడ్డు రెండేళ్లకే. తల్లీ తండ్రీ వంతులు వేసుకున్నారు. ఒకరు గూట్లో, ఒకరు నీళ్ల మీద. గూట్లో ఉన్నది వానకూ ఎండకూ కదలదు, తిండి ఉండదు, రెండోది వచ్చేదాకా లేవదు. అలా పదకొండు వారాలు. ఒకరోజు పెంకు లోపల టిక్కుమంది.

అసలు గండం అప్పుడే మొదలు.

పెంకు చిట్లగానే ఆ తడి వాసనకు ఈగలు వస్తాయి. పగులులో గుడ్లు పెడతాయి. పురుగులు పుడితే పిల్ల బయటపడకముందే పని అయిపోతుంది. అందుకే ఆ గుట్ట మీద రేంజర్లకు ఒక ఆనవాయితీ ఉంది. వంగి వంగి గూటి దగ్గరికి వస్తారు. పక్షి పొట్ట కిందికి మెల్లగా చెయ్యి పోనిస్తారు. చిట్లిన గుడ్డు తీసి, అదే సైజు నకిలీ గుడ్డు పెడతారు. పక్షి కాస్త కదులుతుంది, సర్దుకుంటుంది, ఉత్త గుడ్డును పొదుగుతూ కూర్చుంటుంది. అసలు గుడ్డు లోపల వెచ్చటి ఇంక్యుబేటర్‌లో పగులుతుంది. పిల్ల తడి ఆరి, బొచ్చు విచ్చుకున్నాక మళ్లీ అదే చెయ్యి, అదే పొట్ట కిందికి. ఈసారి నకిలీ గుడ్డు బయటికి, దాదాపు 300 గ్రాముల పిల్ల లోపలికి.

పక్షి తల వంచుతుంది. చూస్తుంది. ఇంతవరకూ గుడ్డుగా ఉన్నది ఇప్పుడు కదులుతోంది. పెద్ద ముక్కు, గొడ్డలంత ముక్కు, కిందికి దిగుతుంది.

బొచ్చును మెల్లగా దువ్వుతుంది.

*

ఆ జంటకు పేర్లు లేవు. కాళ్ల రింగుల రంగులే గుర్తు. తండ్రికి నారింజ, ఆకుపచ్చ, నలుపు. ఇంగ్లీషు అక్షరాలు కలిపి ఓ.జి.కె. అన్నారు. తల్లికి పసుపు, ఎరుపు, నలుపు. అంటే వై.ఆర్.కె. కోస్గి పిల్లాడికి ఈ అక్షరాలతో పని లేదు. ఒకటి నారింజ కాలు. ఇంకోటి పసుపు కాలు.

"ఏం కొంగరా అది, గింత లావుంది?"

"కొంగ కాదవ్వా. రెక్క జాపితే మూడు మీటర్లంట."

అవ్వ నులకమంచం వైపు చూసింది. ఒక మంచం చాలదు. ఒకటిన్నర కావాలి.

మొదటి అయిదారు వారాలు పిల్ల ఒక్క నిమిషం కూడా ఒంటరిగా లేదు. ఒకరు కాపలా, ఒకరు వేట. సముద్రం మీది నుంచి వచ్చినది గాలికి ఎదురు తిరిగి, కాళ్లు ముందుకు చాచి, గడ్డి మీద నాలుగడుగులు తూలి నిలబడేది. గూట్లో ఉన్న జతను చూసి మెడ ఆకాశానికి ఎత్తి కూత పెట్టేది. ముక్కుకు ముక్కు రాసుకున్నాక పిల్ల లేచి ఆ పెద్ద ముక్కును టకటకా కొట్టేది, కొట్టగా కొట్టగా కడుపులో దాచి తెచ్చిన స్క్విడ్డూ చేపా నూనెగా కరిగి, సన్నటి ధారగా పిల్ల నోట్లోకి జారేది. ఒక్క చుక్క కింద పడేది కాదు.

తర్వాత ఒకరోజు కాపలా పక్షి లేచింది. ఒళ్లు విదిలించుకుంది. గాలి కోసం రెక్కలు తెరిచింది. జత ఇంకా రాలేదు. పిల్ల చూస్తూనే ఉంది. అది ఎగిరిపోయింది.

గూట్లో పిల్ల ఒక్కతే మిగిలింది.

*

"అయ్యో! ఒదిలేసి పోయిందా?" అవ్వ లేచి కూర్చుంది.

"ఒదిలెయ్యలే. పిల్ల పెద్దగైతుందంట. ఒక్కదాని తిండి సాలదంట. ఇద్దరు పోవాలంట."

అవ్వ ఏమీ అనలేదు. ఆ లెక్క ఆమెకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

కంది కోతలయ్యాయి, సంక్రాంతి వెళ్లింది, కొడుకూ కోడలూ బస్సెక్కారు. పుణెలో పెద్ద బిల్డింగు పని. ఒక్కడి కూలికి అప్పు తీరదు. ఇద్దరూ పోవాలి. పిల్లాడికి బడి ఉంది, అవ్వ ఉంది. డ్యాములు, కాల్వలు, రోడ్లు, మేడలు. దేశంలో ఎక్కడ పునాది తవ్వినా పాలమూరు లేబరు ఉంటుందనేది పాత మాట. జిల్లాలు విడిపోయి కోస్గి నారాయణపేట కిందికి వచ్చినా ఆ మాట మారలేదు. ఊళ్లో ముసలోళ్లూ పిల్లలూ మిగలడం, పండక్కి జనం దిగడం, మళ్లీ తలుపులకు తాళాలు పడటం మారలేదు.

పోతూ పోతూ నాయిన తన పాత ఫోన్ పిల్లాడి చేతిలో పెట్టాడు. రోజూ రాత్రి చేస్తానన్నాడు. చేస్తున్నాడు. కానీ ఫోన్ మోగితే తెర మీది గూడు మాయమవుతుంది. గూట్లో ఏదో జరుగుతున్నప్పుడే మోగుతుంది.

ఒక రాత్రి పిల్లాడు ఎత్తలేదు. పసుపు కాలు అప్పుడే దిగింది. మేత పెట్టింది. కాసేపు పిల్ల పక్కన కూర్చుని వెళ్లిపోయింది.

నారింజ కాలు దిగలేదు.

*

ఒకరోజు ఆలస్యం వింతేమీ కాదు. సముద్రం మీద వేటకు దారీ తెన్నూ ఉండదు. ఆల్బట్రాస్ రెక్క ఆడించదు. అలల దగ్గర గాలి నెమ్మది, పైకి పోయే కొద్దీ వడి. ఆ తేడాను పట్టుకుని ఎదురుగాలిలో పైకి లేస్తుంది, వాలుగాలికి తిరిగి కిందికి జారుతుంది, మళ్లీ లేస్తుంది. ఒంట్లో బలం ఖర్చు కాకుండా రోజుకు వందల కిలోమీటర్లు. మేత దొరికేదాకా పోతుంది. దొరికాక వస్తుంది.

నాలుగు రోజులు. వారం. రెండు వారాలు.

కెమెరా గూటి నుంచి మళ్లలేదు. ఏ దేశంలో ఎవరు తెర తెరిచినా కళ్లు కాళ్ల మీదికే పోయేవి. దిగింది ఎవరు? రింగు ఏ రంగు? పసుపు. మళ్లీ పసుపే. చలి ముదిరింది. తండ్రి జాడ లేదు.

దక్షిణ సముద్రాల్లో పొడవాటి తాళ్లకు వేల గాలాలు కట్టి చేపలు పట్టే పడవలు తిరుగుతాయి. గాలానికి గుచ్చిన ఎర నీళ్లలో మునిగేలోపు పక్షులు వాలతాయి. కొన్ని పైకి రావు. ప్రపంచం మొత్తం మీద ఆల్బట్రాస్‌లను ఎక్కువగా మింగుతున్న గండాల్లో ఇదొకటి. తుపాను ఉంది. జబ్బు ఉంది. ముసలితనం ఉంది. నారింజ కాలును ఏది పట్టుకుందో ఏ కెమెరా చూడలేదు. గూటికి గురిపెట్టిన కన్ను ఉంది, సముద్రానికి లేదు.

గూట్లో ఆకలి మాత్రం పెరుగుతోంది. వారం వారం రేంజర్లు వచ్చి పిల్లను తూచేవారు. పిల్ల ముక్కు టకటకలాడించేది. ఎవరొచ్చినా శత్రువే దానికి. తక్కెడ ముల్లు అబద్ధం చెప్పదు. ఇద్దరు తేవాల్సిన చోట ఒక్కతే తెస్తోంది.

రేంజర్ల ముందు ఇప్పుడు ఒకటే ప్రశ్న. ఊరికే చూస్తూ ఉండాలా?

*

ఆ ప్రశ్నకు ఆ గుట్ట మీద జవాబు దొరికి అప్పటికే ఎనభై ఏళ్లు దాటింది.

1920లో అక్కడ మొదటి గుడ్డు కనబడింది. పిల్ల కాలేదు. ఆ తర్వాత పెట్టిన గుడ్లదీ అదే కథ. కొన్ని మనుషులు ఎత్తుకుపోయారు, కొన్ని పగిలాయి, పుట్టిన పిల్ల కుక్కలకూ జంతువులకూ దొరికేది. రాయల్ ఆల్బట్రాస్‌లలో ఈ ఉత్తర జాతి గూళ్లు దాదాపు అన్నీ దూరాన చాతమ్ దీవుల రాళ్ల మీదే. మనుషులు తిరిగే నేల మీదికి వచ్చిన పాపానికి ఇక్కడి పక్షులకు ఒక్క పిల్లా దక్కలేదు.

అప్పుడు లాన్స్ రిచ్‌డేల్ అనే బడి పంతులు వచ్చాడు. 1937-38 కాలంలో గూటికి దగ్గర్లో గుడారం వేసుకున్నాడు. కెమెరా లేదు, కరెంటు లేదు. చేతిలో పుస్తకం, ముందు ఒక పిల్ల. చలిలో కూర్చున్నాడు. వానలో కూర్చున్నాడు. కర్రతో వచ్చేవాణ్నీ, కుక్కతో వచ్చేవాణ్నీ ఆపాడు. చూసినదంతా రాసుకున్నాడు. 1938లో ఆ పిల్ల రెక్కలు తెరిచి గాలిలోకి లేచింది. ఆ గుట్ట మీద నుంచి ఎగిరిన మొట్టమొదటి పిల్ల అదే.

1937లో ఆయన ఒక ఆడపక్షి కాలికి రింగు వేశాడు. అప్పటికే అది గుడ్డు పెట్టే వయసుది. ఏడాది వెంట ఏడాది ఆ రింగు తిరిగొచ్చింది. యుద్ధం వచ్చింది, పోయింది. రిచ్‌డేల్ ముసలివాడై కన్నుమూశాడు. రింగు వస్తూనే ఉంది. జనం దానికి 'గ్రాండ్‌మా' అని పేరు పెట్టారు. అవ్వ. చివరిసారి 1989లో కనబడింది. అప్పటికి దాని వయసు అరవై దాటింది.

ఒక్క మనిషి కదలకుండా కూర్చుని చూసినందుకు ఆ గుట్ట మీద ఇవాళ వందల పక్షులున్నాయి. గుడారం పోయి కెమెరా వచ్చింది. పని అదే.

రేంజర్ చేపలు తీసుకుని గూటి వైపు నడిచారు.

*

"మనిషి వెడుతుండవ్వా! మనిషి బువ్వ వెడుతుండు దానికి!"

అవ్వ చాప వదిలి తెర దగ్గరికి వచ్చింది. కళ్లద్దాలు లేవు. మసక మసకగా ఒక చెయ్యి. ఒక ముక్కు. చెయ్యి చేపను నోట్లోకి జార్చింది. ముక్కు ఎగబడింది.

"మింగిందా?"

"మింగింది."

"ఇంకోటి పెట్టమను."

పిల్లాడు నవ్వాడు. ఆ రాత్రి ఫోన్ మోగింది. మొదటి రింగుకే ఎత్తాడు. "నాయినా, నువ్వు తిన్నవా?" అన్నాడు. అవతల నాయిన ఒక్క క్షణం ఆగాడు. ఆ ప్రశ్న ఎప్పుడూ అటు నుంచి ఇటు వచ్చేదే.

జూన్‌లో బ్రిటన్ రాణి గద్దెనెక్కి డెబ్బై ఏళ్లు నిండిన సంబరాలు జరిగాయి. ఆ గుర్తుగా కెమెరా ముందరి ఆడపిల్లకు రాణి చిన్ననాటి ముద్దుపేరు పెట్టారు. లిలిబెట్. పిల్లాడు చదివి వినిపించాడు. అవ్వకు నోరు తిరగలేదు.

"లీలమ్మ అను. అయిపాయె."

మిరుగు వచ్చింది. జూలైలో ముసురు పట్టింది. తెలంగాణ అంతా వారం రోజులు సూర్యుణ్ని చూడలేదు. రేకుల మీద వాన దరువు, తెర మీద అక్కడి వాన దరువు; ఏది ఏదో తెలియడం లేదు. కరెంటు పోతే ఫోన్ ఛార్జింగు పొదుపు. పసుపు కాలు వచ్చిందా లేదా అన్నది చూసి వెంటనే ఆర్పేయడం.

పసుపు కాలు వచ్చేది. అంతే, వచ్చేది. రెండు పక్షుల బరువును ఒక కడుపులో మోసుకుని, చీకట్లోంచి ఊడిపడి, పిల్ల ముక్కుకు ముక్కు తగిలించి, ఖాళీ అయ్యి, మళ్లీ చీకట్లోకి. పోతూ పోతూ ఎప్పుడైనా జత కోసం చుట్టూ చూసిందో లేదో, కెమెరాకు మనసు తెలియదు. తక్కెడకు బరువే తెలుసు. తల్లి తెచ్చింది, మనిషి పెట్టింది కలిసి ముల్లును పైకి లాగాయి.

ఆగస్టుకు దూదిమూట చిరగడం మొదలైంది. బొచ్చు గాలికి ఎగిరిపోతోంది. కింద తెల్లటి రొమ్ము, నల్లటి రెక్క. గాలి లేచినప్పుడల్లా లీలమ్మ గూట్లోంచి లేచి రెక్కలు చాపుతోంది. కాళ్లు నేలను వదులుతున్నాయి. ఒక జానెడు. ఒక మూరెడు. మళ్లీ దబ్బున గడ్డిలో.

ఇక మిగిలింది ఒక్క మంచి గాలి.

*

సెప్టెంబరు 8. ఆ పేరున్న రాణి స్కాట్లాండ్‌లో కన్నుమూసింది.

అదే నెల. కోస్గి చుట్టూ చేలగట్ల మీద తంగేడు పసుపెక్కుతోంది. బతుకమ్మ దగ్గర పడింది. పిల్లాడు పొద్దున లేస్తూనే ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. తెర వెలిగింది.

గడ్డి. ఆకాశం. గడ్డి.

"అవ్వా."

"ఏందిరా?"

"లేదు."

అవ్వ చేతిలో చీపురు అలాగే ఉంది. దగ్గరికి వచ్చి వంగి చూసింది. నొక్కుకుపోయిన గడ్డి గుండ్రంగా ఉంది. అంచున రెండు బొచ్చు పోగులు ఆడుతున్నాయి. ఎనిమిది నెలలు కూర్చున్న చోటు. తోడు రావడానికి తల్లి లేదు, దారి చూపడానికి తండ్రి లేడు. ఆ జాతిలో పిల్ల ఎప్పుడూ ఒంటరిగానే పోతుంది. కొండ అంచు, గాలి, ఒక్క దూకు; ఆ తర్వాత పసిఫిక్ మహాసముద్రం దాటి దక్షిణ అమెరికా తీరం దాకా నేల మీద కాలు పెట్టదు.

"మల్ల ఎప్పుడొస్తదట?"

"నాలుగైదేండ్లకంట. అప్పటిదాంక నీళ్ల మీదనేనంట."

"గంతేనా!" అంది అవ్వ. గొంతు మామూలుగానే ఉంది. చీపురు మాత్రం కదల్లేదు.

ఆ రాత్రి నాయిన ఫోన్ చేశాడు. వెనకాల కాంక్రీటు మిషను తిరుగుతున్న చప్పుడు.

"ఏం జేస్తున్నవ్‌రా?"

"గూడు చూస్తున్న."

"పిట్ట పోయిందంటివి గద?"

"పోయింది."

"మరి ఏం జూస్తున్నవ్?"

"వాళ్లమ్మకు తెల్వదు గద నాయినా. బువ్వ వట్టుకొని ఒస్తదేమో."

కాంక్రీటు మిషను ఆగింది. లేక నాయినే దూరంగా నడిచాడు. కాసేపు ఏమీ వినబడలేదు.

"దసరాకు బస్సు టికెట్ దొరికిందిరా," అన్నాడు. "ఇద్దరికి."

ఫోన్ పెట్టేశాక తెర మీదికి గూడు మళ్లీ వచ్చింది. గడ్డి నేలకు పడుకుని లేస్తోంది. గాలి ఊళ పెడుతోంది. గూటి చుట్టూ ఎవరూ లేరు. పిల్లాడు ఆర్పబోయాడు.

అవ్వ చెయ్యి అడ్డం పెట్టింది. కొంగుతో పగిలిన అద్దం తుడిచింది. ఫోన్‌ను మళ్లీ చెంబుకు ఆనించింది.

"ఉండనియ్‌రా. పసుపు కాలు ఒచ్చి పోయేదాంక సూద్దాం."